బిడ్డ లేని బాలింత

నా కడుపు పెరుగుతోందని నాకంటే ముందు మా వీధికి తెలిసింది. ఆదోనిలో మా అత్తగారింటి వీధి ఆడవాళ్ళ కళ్ళు అలాంటివి మరి. అప్పటికి నాకు ముప్పై ఎనిమిదేళ్ళు. కూతురికి పెళ్ళి చేసి పంపాను, మగపిల్లలిద్దరూ హైస్కూలుకు పోతున్నారు. "ఏమమ్మా, కూతురితో పోటీ పెట్టుకున్నావా?" అని నీళ్ళ దగ్గర నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. ముట్టు ఆగింది, కుచ్చిళ్ళు నిలవడం లేదు, ఇంకేమనుకుంటాను? సిగ్గుతో తల ఎత్తలేకపోయిన మాట నిజమే గానీ, లోపల ఎక్కడో సంతోషంగా కూడా ఉండింది. అబద్ధమెందుకు, చింతకాయలు తెప్పించుకుని తిన్నాను కూడా.

అయిదో నెల అనుకున్న నెలలో కదలిక తెలియలేదు. ఆరో నెలలోనూ లేదు. ఒళ్ళంతా చిక్కిపోయి కడుపొక్కటే ముందుకొచ్చింది. మా ఇంటాయన దూది వ్యాపారి, ఇంట్లో మాటలు తక్కువ. ఒకరోజు వడ్డిస్తుంటే నా చేతి వంక చూసి, "గాజులు మోచేతి దాకా పోతాండాయే" అన్నారు. అంతే. మరుసటి వారం నన్ను రైలెక్కించి మద్రాసు తీసుకుపోయారు.

ఆసుపత్రిలో డాక్టరు నా కడుపంతా వేళ్ళతో తట్టి చూసి ఇంగ్లీషులో ఏదో అన్నాడు. పక్కనున్న నర్సుకు తెలుగు వచ్చు. "బిడ్డ కాదమ్మా, గడ్డ. రాచపుండు జాతిది. కడుపు కోసి గర్భసంచితో సహా తీసెయ్యాలి" అంది. నాకు ముందు భయం కలగలేదు, సిగ్గు కలిగింది. ఆదోని పోయి ఆ ఆడవాళ్ళకు ఏమని చెప్పుకోవాలి? ఇన్ని నెలలు ఒక పుండును మోస్తూ మురిసిపోయానే అని నా మీద నాకే అసహ్యం వేసింది. భయం తర్వాత వచ్చింది, ముక్కు మీద మత్తుమందు గుడ్డ వేసినప్పుడు.

బతికాను. బొడ్డు దగ్గర మొదలై కిందికి జానెడు కోత. మూడు వారాలు ఆ మంచం మీదే ఉన్నాను. దగ్గొస్తే రెండు చేతులతో పొట్ట పట్టుకోవాలి, తుమ్మొస్తే దేవుణ్ణి తలుచుకోవాలి. బయలుదేరే రోజు ఆ నర్సు, "మూడు నెలలు బరువు ఎత్తకండి. తర్వాత ఎప్పటి మాదిరే అన్ని పనులూ చేసుకోవచ్చు" అని చెప్పింది. ఆ మాటను కొంగున ముడేసుకున్నాను. ఎప్పటి మాదిరే. రైల్లో పడుకుని వస్తూ దారి పొడుగునా అదే అనుకున్నాను. పొద్దున లేచి వాకిలి చిమ్మి, నీళ్ళు చేది, జొన్న రొట్టెలు తట్టి అందరికీ పెట్టే మనిషిని మళ్ళీ కావాలి. నాకు ఇంకేమీ అక్కర్లేదు.

ఆదోనిలో ఒక్కరోజు ఉన్నాను. కడుపు కోసిన ఆడది ఎక్కడ కోలుకోవాలన్న సంగతి ఎవరూ మాట్లాడుకోలేదు కూడా. పుట్టింటికే. మా పుట్టిల్లు ఎమ్మిగనూరు. అవి యుద్ధం రోజులు, పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడిచేవి, గుంత వచ్చిన చోటల్లా ఎగిరి పడేవి. దానిలో పోతే కుట్లు విచ్చుకుంటాయని మా ఆయన గూడు బండి కట్టించి, లోపల మోకాలి ఎత్తున దూది పరిపించారు. పొద్దున బయలుదేరి సాయంత్రానికి చేరాము. దిగేటప్పటికి నా తలంతా దూదే. మా అమ్మ వాకిట్లోకి వచ్చి, "ఏమ్మే, నాకంటే ముందే తల నెరిసిందా నీకు" అని నవ్వబోయి, నవ్వలేక, గబగబా దిష్టి తీసి లోపలికి తీసుకుపోయింది.

మా నాయనకు సాలెవాళ్ళకు నూలు అమ్మే అంగడి ఉండేది. ముందు అంగడి, వెనక ఇల్లు, ఇంటి వెనక పెరడు, పెరట్లో బావి. ఇంట్లో అన్నిటికంటే వెనక ఉన్న గది కాన్పుల గది. మా అక్కచెల్లెళ్ళ కాన్పులన్నీ, నావి మూడూ, ఆ గదిలోనే జరిగాయి. కడుపు ఖాళీ చేసుకుని వచ్చిన ఆడమనిషిని ఎలా నిలబెట్టాలో మా అమ్మకు తెలుసు. ఆ కడుపు ఏ విధంగా ఖాళీ అయిందన్నది ఆమెకు లెక్కలోకి రాలేదు. నన్ను నేరుగా తీసుకుపోయి ఆ గదిలో నులక మంచం మీద పడుకోబెట్టింది. మంచం కింద కుంపటి పెట్టింది. చెవుల్లో దూది కుక్కి తలకు గుడ్డ కట్టింది.

"అమ్మా, నేను కనలేదే" అన్నాను.

"నోరు మూసుకో. గాలి పోతాది."

ఎదురు సందులో ఉండే దూదేకుల అవ్వ వచ్చింది. మా వీధికి మంత్రసాని ఆమె. నా పిల్లలు ముగ్గురికీ బొడ్డు కోసింది ఆమే. చీర పక్కకు తీసి నా కోతను చాలాసేపు చూసింది. "ఎవురమ్మా కుట్టినోడు? గోనెసంచి కుట్టినట్టు కుట్టినాడే" అని, వెంటనే కళ్ళు తుడుచుకుని, "అయినా గట్టిగా కుట్టినాడులే, మేలు" అంది. పాత చీర మడిచి నడికట్టు కట్టింది. గట్టిగా కాదు, కోత మీద వత్తకుండా, పైన ఒక చుట్టు, కింద ఒక చుట్టు. ఆమె చేయి అంత మెత్తగా ఉంటుందని నా మూడు కాన్పుల్లోనూ నాకు తెలియలేదు. అప్పుడు నేను అరుస్తూ ఉన్నాను కాబోలు.

పొద్దున్నే శొంఠి, మిరియాలు, బెల్లం దంచిన కాయం ముద్ద. మధ్యాహ్నం పాత బియ్యం అన్నం, తెల్లగడ్డ పొడి, మిరియాల చారు. సాయంత్రం ఒళ్ళు మండేంత వేడినీళ్ళు, ఆ తర్వాత సాంబ్రాణి పొగ. ఇవన్నీ ఓర్చుకున్నాను. నీళ్ళ దగ్గర మాత్రం రోజూ యుద్ధమే. డాక్టరు నీళ్ళు బాగా తాగమన్నాడు. బాలింతకు నీళ్ళు ఎక్కువ ఇస్తే ఒళ్ళు ఉబ్బుతుందని అమ్మ చిన్న గ్లాసుతో కొలిచి ఇచ్చేది. "నేను బాలింతను కాను" అని అరిచేదాన్ని. అరిస్తే కుట్లు లాగేవి. నొప్పితో నేను మూలుగుతుంటే, "సూస్తివా, బాలింత అరవకూడదు" అనేది. ఏం చెప్తాము ఆమెకు?

అయినా ఒప్పుకోవాలి, ఆ వైద్యమో, నర్సు చెప్పిన కాలమో, ఒళ్ళు తేరుకుంది. మొదట్లో వంగి నడిచేదాన్ని. ఒకరోజు పెరట్లోకి పోతూ, గోడ మీద నా నీడ నిటారుగా ఉండడం చూసి ఆగిపోయాను. ఎప్పుడు నిలబడ్డానో నాకే తెలియలేదు. ఇంకొకరోజు మా నాయన అంగట్లోంచి ఏదో అంటే పగలబడి నవ్వాను, నవ్వు అయిపోయాక గాని పొట్ట పట్టుకోలేదని గుర్తు రాలేదు. కుచ్చిళ్ళు కోత మీద దోపుకోలేక రొమ్ము కింద దోపుకునేదాన్ని. అవి వేలు వేలుగా దిగుతూ దిగుతూ మూడో నెలకు బొడ్డు దగ్గరికి వచ్చాయి. స్నానం చేసేటప్పుడు మాత్రం తలుపు గడియ వేసుకుని వేళ్ళతో పొట్టంతా వత్తి చూసుకునేదాన్ని. ఏమీ తగలకపోతే ఆ పూట అన్నం బాగా తినేదాన్ని.

మూడు నెలలు నిండాయి. నిండిన మర్నాడు పొద్దున చెవుల్లో దూది తీసి పారేసి, వంటింట్లోకి పోయి పీట వేసుకుని కూర్చున్నాను. అమ్మ బావి దగ్గర నుంచి వచ్చి చూసి, నెత్తిన పిడుగు పడినట్టు నిలబడిపోయింది.

"లెయ్యి లెయ్యి. బావి పూజ గాకుండా పొయ్యికాడికి వస్తావా?"

తెలియనివాళ్ళకు చెప్పాలి. మా వైపు బాలింత బావిని ముట్టదు, వంటింట్లోకి పోదు. ఇరవై ఒకటో రోజున బిడ్డను ఎత్తుకుని బావి దగ్గరికి పోయి, పసుపు కుంకుమ పెట్టి, నానిన శనగలు గంగమ్మకు పెట్టి, తన చేత్తో నీళ్ళు చేదుతుంది. ఆ కడవతో పురుడు తీరిపోయి మళ్ళీ మామూలు మనిషి అవుతుంది. నాకు దారి అక్కడే మూసుకుపోయింది. బిడ్డ ఉంటే కదా పూజ. బిడ్డ పోయిన బాలింతకు పూజ చెయ్యరు, ఒకరోజు తలకు పోసి ఊరకే పనిలోకి దింపుతారు. కానీ నాకు బిడ్డ పోలేదు, అసలు పుట్టనేలేదు. అలా దింపితే లేని చావును ఇంటికి పిలిచినట్టు. పూజ చేస్తే లేని బిడ్డతో పరాచికం ఆడినట్టు.

వీధిలో ఆడవాళ్ళంతా మా వసారాలో కూర్చుని తేల్చాలని చూశారు. ఒకామె కడుపు కోసిన రోజు నుంచి లెక్క పెట్టమంది. ఇంకొకామె, కుట్లు విప్పిన రోజు నుంచి అంది. గర్భసంచే లేనిదానికి పురుడేమిటి, ఇది వేరే మైల అని ఇంకొకామె. నేను వెనక గదిలో మంచం మీద కూర్చుని, నా సంగతి నన్ను తప్ప అందరినీ అడుగుతున్నారే అని పళ్ళు నూరుకున్నాను. ఏమీ తేలలేదు. తేలనప్పుడు ఎలా ఉన్నది అలాగే ఉండడం మేలని అమ్మ నా చెవుల్లో మళ్ళీ దూది పెట్టింది.

నాలుగో నెల పోయింది. అయిదు, ఆరు. మా ఆయన పదిహేను రోజులకొకసారి బొగ్గు బస్సులో మసి మొహంతో వచ్చి కూర్చునేవారు. "నన్ను తీసుకుపోండి. నాకు బాగైంది. పిల్లలకు ఎవరు వండి పెడతాండారో ఏమో" అనేదాన్ని. ఆయన నేల చూపులు చూస్తూ, "అత్తమ్మ ఎప్పుడంటే అప్పుడు" అనేవారు. జబ్బుగా ఉన్నప్పుడు ఇంత బాధ లేదు. ఒళ్ళు బాగైన తర్వాత కూర్చోబెట్టడం ఉందే, అది పగవాళ్ళకు కూడా వద్దు. పక్క సందుల్లో మగ్గాలు ఆడుతుంటే, ఊరంతా పని చేస్తుంటే, నేనొక్కదాన్నే దండగమారి దానిలా తిని కూర్చునేదాన్ని. అమ్మ వాకిలి చిమ్ముతూ నన్ను చూసేది, బియ్యం ఏరుతూ చూసేది, పక్కింటివాళ్ళతో మాట్లాడుతూ కూడా ఒక కన్ను నా మీదే పెట్టేది.

ఏడో నెలలో ఒక పొద్దున అమ్మ నాయనకు మజ్జిగ ఇవ్వడానికి అంగట్లోకి పోయింది. నేను లేచి పెరట్లోకి పోయాను. ఆలోచించి పోలేదు. చేంతాడు కడవ మెడకు బిగించి బావిలోకి వదిలాను. కడవ మునిగింది. తాడు లాగాను. పొట్టలో కోత పొడుగునా ఎవరో గీరినట్టు అనిపించింది గానీ, నొప్పి కాదు. రెండు బారలు లాగాను. గిలక కిర్రుమంది. ఆ చప్పుడుకు అమ్మ పరుగెత్తుకుంటూ వచ్చి తాడు లాక్కుంది. కడవ ధబీమని మళ్ళీ నీళ్ళలో పడింది.

చెంప మీద కొట్టింది. మనవలు పుట్టబోయే వయసున్నదాన్ని నన్ను, చిన్నపిల్లను కొట్టినట్టు కొట్టింది.

"ఏం పోయేకాలం వచ్చిందే నీకు!" అని, తానన్న మాట తన చెవినే పడి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని బావి గట్టు మీద కూలబడింది. ఏడుపు ఆగలేదు.

"ఏమైందమ్మా? ఎందుకు ఏడుస్తాండావు?"

"ఏడాది అన్నాడంటమ్మే డాక్టరు. మళ్ళా వస్తాదంట. ఎక్కువంటే ఏడాదే అన్నాడంట. నిన్ను బండి దింపిన పొద్దే మీ ఇంటాయన నాకు సెప్పి ఏడిసినాడు. పూజ సేస్తే పంపాల గదా నిన్ను. పంపితే మళ్ళా నిన్ను సూస్తానా?"

బట్టలుతికే బండ మీద కూర్చున్నాను. నా చావు సంగతి నాకు తప్ప అందరికీ తెలుసు. నేను రోజూ గడియ వేసుకుని వేళ్ళతో వెతుక్కుంటున్నదాని గడువు వీళ్ళు ఏడు నెలలుగా నోట్లో పెట్టుకుని తిరుగుతున్నారు. భయం వేసింది. ఆ భయాన్ని తోసుకుని కోపం వచ్చింది. అంత కోపం నాకు ముందెప్పుడూ రాలేదు.

"ఏడాదా?" అన్నాను. "ఏడాది అన్నాడా? అందులో ఏడు నెలలు నన్ను గదిలో కూర్చోబెట్టి మీరే తినేసినారు కదమ్మా! ఉన్నది అయిదు నెలలే అయితే ఆ అయిదు నెలలూ నన్ను బతకనీ. నా ఇంట్లో నా పిల్లలకు రొట్టెలు చేసుకుంటాను. నీళ్ళు చేదుకుంటాను. నేను పోయేదాకా ఇట్లా కూర్చోబెట్టి చూస్తాండాలనా నీకు?"

నేనూ ఏడ్చాను. మా అరుపులకు దూదేకుల అవ్వ సందు దాటి వచ్చి పెరటి గుమ్మంలో నిలబడింది. సంగతంతా విన్నట్టుంది. మా ఇద్దరి మధ్య నేల మీద కూర్చుని, వక్క నోట్లో వేసుకుంది.

"బిడ్డ లేదని గదా పూజకు అడ్డం?" అంది చివరికి. "యాల లేదు? ఇది నీ కడుపున పుట్టింది గాదా? మద్రాసులో సగం సచ్చి మళ్ళా పుట్టొచ్చింది గాదా? అంటే బిడ్డ ఇది. బాలింతవు నువ్వు. నువ్వు సెయ్యి పూజ. బిడ్డ ఏడునెల్లదో నలభైయేండ్లదో బావికేం తెలుసు?"

"సిగ్గుండాల అవ్వా నీకు. అరవై ఏండ్లకు బాలింతనా?" అంది అమ్మ, కన్నీళ్ళ మధ్యనే.

"నేను చంటిబిడ్డను కాను" అన్నాను నేను.

"మీరిద్దరూ ఊరికే ఉండండి. దీని బిడ్డలు ముగ్గురికి బొడ్డు కోసినదాన్ని, పురుడెప్పుడు తీరాలో నాకు తెలుసు" అంది అవ్వ. నా చెవుల్లో దూది పీకి, అమ్మ పెనుగులాడుతున్నా వినకుండా ఆమె చెవుల్లో పెట్టింది.

ఇది రాస్తూ కూర్చున్నానంటే డాక్టరు మాట తప్పిందని మీకు ఎలాగూ అర్థమై ఉంటుంది. ఎందుకు తప్పిందో ఆయనకే తెలియదు, నాకేం తెలుస్తుంది? కానీ ఆ రోజు నాకు ఆ ధైర్యం లేదు. అయిదు నెలలే మిగిలాయనుకుంటూనే, వచ్చిన శుక్రవారం పొద్దున తలకు పోసుకుని బావి దగ్గర నిలబడ్డాను.

అమ్మ కొత్త చీర కట్టుకుని, పొట్టకు నడికట్టు కట్టుకుని వచ్చింది. అవ్వ ఏదీ తక్కువ కానివ్వలేదు. బావి గట్టుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, తమలపాకులో నానిన శనగలు, బెల్లం పెట్టి దండం పెట్టింది అమ్మ. పెదవులు కదులుతున్నాయి. ఏం మొక్కుకుందో నేను అడగలేదు. తర్వాత కడవ వదిలి ఒక కడవ చేదింది, రెండు చేదింది. మూడో కడవ సగానికి వచ్చి ఆగిపోయింది. నేను పోయి తాడు పట్టుకున్నాను. ఆమె చేతులు తాడు మీద, నా చేతులు వాటి పైన. నా వంక చూసింది. వద్దంటుందనుకున్నాను. తాడు వదిలి పక్కకు జరిగింది.

లాగాను. పొట్ట బిగుసుకుంది, వదిలింది, మళ్ళీ బిగుసుకుంది. కడవ గట్టెక్కింది. వంగి దాన్ని చంకకెత్తుకున్నాను. నీళ్ళు తొణికి నా తుంటి మీద పడ్డాయి. చల్లగా ఉన్నాయి. ఆ బరువు, ఆ తడి, ఎన్నాళ్ళయిందో. నేను ఏడుస్తున్నానని నాకు వెంటనే తెలియలేదు.

అమ్మ పూజ పళ్ళెం తీసుకుని ఇంటి వైపు ముందు నడిచింది. బావి నుంచి వంటింటి గుమ్మం దాకా ఇరవై అడుగులు ఉంటాయి. నేను వెనక నిండు కడవతో వస్తున్నాను. మధ్యలో నా కాలు రాయికి తగిలి, కడవ ఊగి, నీళ్ళు కింద పడిన చప్పుడైంది. అమ్మ ఆగింది. ఆమె మెడ నరాలు బిగుసుకోవడం వెనక నుంచి నాకు కనిపించింది. తల తిప్పలేదు. అలాగే ముందుకు చూస్తూ మళ్ళీ నడిచింది.